జోడు బోర్డులు – 14: బోర్డు వెనక రెండు ముద్దలు

కిందటి వారం పెద్దమ్మాయిని నేలమీద కూర్చోబెట్టేసి, చేతిలో ఒక బోర్డు పెట్టి, నోట మాట రాకుండా చేసి మన దారిన మనం వెళ్ళిపోయాం. వారం రోజులుగా ఆ మనిషి అలాగే కూర్చుందనుకునేరు. మనకు వారమైతే ఆవిడకు రెండు నిమిషాలు. పక్కన పెట్టిన టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి, ఓపిక లేనివాళ్ళు పేజీ మధ్యకు దూకండి, నేనేం అనుకోను.

పెద్దమ్మాయికి యాభై ఒకటి. జుట్టు సగం నెరిసింది, కుడి మోకాలు మెట్ల దగ్గర మాట వినడం మానేసింది, అయినా వీధి మొత్తానికి ఆవిడ పెద్దమ్మాయే. ఆవిడ కూర్చున్నది మేడమీద హాల్లో. బిళ్ళ వేస్తే ఆడనిచ్చే వీడియో గేముల మిషన్లు అక్కడ ఒకప్పుడు ఇరవై ఉండేవి. హాలు నాన్నది. ఆయనకు ఎనభై దాటాయి, వీధిలో బిళ్ళల తాత అంటారు. పెద్దమ్మాయి ప్రోగ్రాం రాసేది, ఆవిడ తమ్ముడు చిన్నోడు మిషన్ల లోపలి సర్క్యూటు బోర్డులు విప్పి అతికేవాడు. ఇద్దరూ కలిసి రెండు గేము బోర్డులను జోడించి ఒక కారు రేసు ఆట తయారుచేశారు. ఇంట్లో దాన్ని 'బండి' అనేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళ కిందట ఒక కంపెనీవాళ్ళు దాన్ని చూడడానికి వచ్చిన పూట ఆట చెడిపోయింది. రెండో బోర్డు మీద ఉండకూడని భాగం ఒకటి ఉంది, దాన్ని క్రిస్టల్ అంటారు. తీసేశానని చిన్నోడు ముందురోజే చెప్పాడు. తీసేస్తే ఇదేమిటని అక్క టార్చి వేసి చూపించింది. కంపెనీవాళ్ళ ముందు, నాన్న ముందు, ఆడుకోవడానికి వచ్చిన జనం ముందు తమ్ముణ్ణి 'అబద్ధాలకోరు' అంది. వాడు స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అక్క మళ్ళీ వాడి ముఖం చూడలేదు. బండికి టార్పాలిన్ కప్పి, వెనక తలుపుకు తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంది.

ఈ నెలాఖరుకు హాలు ఖాళీ చెయ్యాలి. మిగిలిన మిషన్లన్నీ ఎప్పుడో పోయాయి, బండి ఒక్కటే మిగిలింది. పాత యంత్రాల మ్యూజియం ఆవిడ ఇవాళ సాయంత్రం నాలుగింటికి వ్యాను తీసుకుని వస్తానంది. ఆట నడిస్తే బండి మ్యూజియానికి, నడవకపోతే పాతసామాన్ల కొట్టుకి. అందుకని పొద్దున్నే పెద్దమ్మాయి ఇరవై ఆరేళ్ళ తాళం తీసింది, ఆ పాడు క్రిస్టల్ ఊడదీద్దామని రెండో బోర్డు నాలుగు స్క్రూలూ విప్పింది, బోర్డును మొట్టమొదటిసారి తిరగేసి చూసింది. అక్కడ ఆపాం.

బోర్డుకు ముందువైపు అందరూ చూస్తారు. వెనకవైపు మాత్రం దాన్ని అతికినవాడి చేతిరాత ఉంటుంది. చిన్నోడి చేతిరాత ఆవిడకు తెలియంది కాదు. కరిగించి అతికే సోల్డరు ఆవగింజంతే, అంతకు మించదు, మెరుస్తూ ఉంటుంది. బోర్డులోంచి పొడుచుకొచ్చే భాగాల కాళ్ళను నున్నగా గోరు తీసినట్టు కత్తిరించేవాడు. చేత్తో తడిమితే గుచ్చుకోకూడదనేవాడు. బోర్డు నిండా అలాంటి చుక్కలు వందలున్నాయి. క్రిస్టల్ ఉన్న చోట మాత్రం శనగగింజంత ముద్దలు రెండు. కాళ్ళు కత్తిరించలేదు. ఒకటి అటు, ఒకటి ఇటు వంచి, పైన మళ్ళీ సోల్డరు పోసి ఉంది.

అలా అతికేవాడు ప్రపంచంలో ఒక్కడే. బిళ్ళ మింగి ఆట ఇవ్వకపోతే జనం మిషన్ని తన్నేవాళ్ళు. తన్నులు తినే చోట అతుకు గట్టిగా ఉండాలి గదా, అందుకని బిళ్ళల పెట్టెల్లో ప్రతి తీగకూ నాన్న ఇలాగే ముద్ద వేసి కాళ్ళు వంచేవాడు. "ఇది ఊడితే నా పేరు మార్చుకుంటా" అనేవాడు. ఇరవై ఆరేళ్ళయినా ఊడలేదు, పేరు మార్చుకోవాల్సిన అవసరం ఆయనకు రాలేదు.

పెద్దమ్మాయి లేచింది. మోకాలు కలుక్కుమంది, పట్టించుకోలేదు. బోర్డును రెండు చేతులా పట్టుకుని కిటికీ వైపు నడిచింది.

కిటికీ దగ్గర తన బల్ల ముందు కూర్చుని నాన్న బండికి బిళ్ళ వేసే ఇత్తడి రేకును పాత పళ్ళబ్రష్షుతో తోముతున్నాడు. మ్యూజియం ఆవిడ అడిగింది బండి నడవాలని. రేకు మెరవాలని ఎవరూ అడగలేదు. ఆయనకు ఒకరు అడగాలా ఏమిటి.

"నాన్నా, ఇది చూడు."

"కళ్ళజోడు ఎక్కడ పెట్టానో."

"నెత్తిమీద ఉంది."

నాన్న కళ్ళజోడు దించుకున్నాడు. బోర్డు చూశాడు. బ్రష్షు పట్టుకున్న చెయ్యి రేకు మీదే ఆగిపోయింది. కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు ఆపకుండా కొడుతున్నారు.

"అతుకు బాగానే ఉందే" అన్నాడు చివరికి.

"బాగానే ఉంది. ఎవరు వేశారు?"

"ఎప్పటిదో. ఇప్పుడెందుకమ్మా ఆ గోలంతా. నాలుగింటికి ఆవిడ వస్తుంది, ముందు దీని సంగతి చూడు."

"దీని సంగతే చూస్తున్నాను. ఎవరు వేశారు నాన్నా?"

నాన్న చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయన బొటనవేలు తనంతట తానే ఆ ముద్ద మీదికి వెళ్ళి, గట్టిగా ఉందా లేదా అని ఒకసారి నొక్కి చూసింది. జీవితమంతా ఉన్న అలవాటు, పోదు.

పెద్దమ్మాయి అక్కడే ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. కోపం వస్తుందనుకుంది. కోపం కంటే ముందు ఆ రోజులు వచ్చాయి.

సాయంత్రం ఐదయ్యేసరికి ఈ హాలు పట్టపగ్గాలు లేకుండా ఉండేది. ఇరవై మిషన్లు, ఇరవై పాటలు, ఒక పాట ఇంకోదాని మీద పడి పొర్లేది. బిళ్ళలు గలగలమనేవి. వేడెక్కిన బోర్డుల వాసన, చెమట వాసన, పాత సినిమా హాల్లోంచి తెచ్చిన కుర్చీల రెక్సిన్ వాసన. అంత రొదలోనూ అక్కాతమ్ముళ్ళకు ఏ మిషన్‌కు ఒంట్లో బాగాలేదో చెవితోనే తెలిసేది. "అక్కా, ఏడో నంబరు దగ్గుతోంది" అనేవాడు చిన్నోడు. "దగ్గు కాదురా, జలుబు" అనేది ఆవిడ. వాడు స్క్రూడ్రైవరు చెవిమీద పెట్టుకుని లేచేవాడు. ఎక్కువసార్లు జలుబే అయ్యేది, ఆ రోజంతా ఆవిడను పట్టలేకపోయేవాళ్ళు.

కారు రేసు ఆట ఒక్క బోర్డుతోనే మొదలుపెట్టారు. రోడ్డు, కొండలు, మూడు కార్లు గీసేసరికి దానికి ఆయాసం వచ్చేది. నాలుగో కారు వస్తే బొమ్మ ఆగి ఆగి, ముసలి గుర్రంలా నడిచేది. కొత్తరకం బోర్డులు పెద్ద కంపెనీల దగ్గర తప్ప దొరకవు. పెద్దమ్మాయి ఆరు నెలలు ప్రోగ్రాంను చెక్కింది, కుదించింది, తిట్టింది. చివరికి "ఇంతకంటే దీని బుర్రకి ఎక్కదురా" అని చేతులెత్తేసింది.

అదే రోజు ఒక ఇనప అలమరా మేడమీదికి చేర్చాల్సి వచ్చింది. ముందు అక్క, వెనక తమ్ముడు. ఇద్దరూ ఐలేసా అంటున్నారు, ఎవరి ఐలేసా వాళ్ళదే. నాలుగో మెట్టు దగ్గర అలమరా అడ్డం తిరిగి కూర్చుంది. కింద నిలబడ్డ నాన్న విసుక్కుని "ఒక్కళ్ళే అనండర్రా, రెండోవాళ్ళు విని అడుగెయ్యండి" అన్నాడు. చిన్నోడు ఐలేసా అన్నాడు, అక్క అడుగేసింది, అలమరా ఇట్టే ఎక్కేసింది. పైకొచ్చాక వాడు చెమటైనా తుడుచుకోకుండా నిలబడిపోయాడు.

"అక్కా, ఒకటి మొయ్యలేనిది రెండు మోస్తాయి గదా."

"ఏంట్రా?"

"బోర్డులు. ఆ చెడిపోయిన మిషన్‌లో దీనికి తోడుది ఇంకోటి ఉంది. ఒకటి రోడ్డూ కొండలూ గీస్తుంది. రెండోది కార్లు గీస్తుంది. రెండు బొమ్మలూ కలిపి ఒకే తెరమీద వేద్దాం."

"రెండూ కలిసి నడవొద్దూ?"

"ఐలేసా ఒక్కటే అంటుంది."

బోర్డుకు ఆ ఐలేసా చెప్పేదే క్రిస్టల్. వేలి గోరంత వెండిరంగు డబ్బీ, సెకనుకు లక్షల సార్లు తాళం కొడుతుంది, ఆ తాళానికే బోర్డు అడుగేస్తుంది. రెండు క్రిస్టళ్ళ మీద ఒకే అంకె రాసి ఉన్నా ఏ రెండూ అచ్చంగా ఒకేలా కొట్టవు, అన్నదమ్ముల్లా వెంట్రుకవాసి తేడా ఉంటుంది. అందుకని రెండో బోర్డు క్రిస్టల్ ఊడదీసి, మొదటి బోర్డు తాళాన్నే ఒక తీగతో దానికి అందించాలి. చిన్నోడు అలాగే చేశాడు. బండి మొదటిసారి పదిహేను కార్లతో పరిగెత్తిన సాయంత్రం హాల్లో జనం తమ ఆటలు వదిలేసి దీని చుట్టూ మూగారు. అక్కాతమ్ముళ్ళు గోడకు ఆనుకుని ఒకరినొకరు చూసుకుని నవ్వారు. అంతకంటే మంచి సాయంత్రం ఆవిడ జీవితంలో మళ్ళీ రాలేదు. ఆ మాట ఆవిడ ఎవరితోనూ అనలేదు, నేను చెబుతున్నాను.

"ఆ పొద్దున మీరిద్దరూ కంపెనీవాళ్ళని తీసుకురావడానికి బస్టాండుకి వెళ్ళారు." నాన్న గొంతు ఆవిడను మళ్ళీ కిటికీ దగ్గరికి లాక్కొచ్చింది. "నేను బండి తుడుస్తున్నాను. వెనక తలుపు తీసి దుమ్ము ఊదాను. ముందు బోర్డు మీద ఆ వెండి డబ్బీ ఉంది. రెండో బోర్డు మీద సరిగ్గా అదే చోట రెండు బెజ్జాలు ఖాళీగా ఉన్నాయి. ఒక బెజ్జంలోంచి తీగ ఒకటి ఇవతలి బోర్డుకి వేలాడుతోంది."

"అదే తాళం తీగ."

"అది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు భాగం ఊడి ఎక్కడో పడిపోయిందనుకున్నాను. చిన్నోడు హడావిడిలో తీగ ముక్కతో సర్దేశాడనుకున్నాను. కంపెనీవాళ్ళు తలుపు తీసి చూస్తే వాడి పరువేం కాను? డబ్బాలో వెతికితే అచ్చం అలాంటిదే దొరికింది. అంకె కూడా అదే. భూతద్దం పెట్టి సరిచూసుకున్నాను."

"సరిచూసుకున్నావు."

"చూసే పెట్టాను. తీగ తీసేశాను. వాడికి పని తప్పిందని సంతోషించాను కూడా."

ఇది ఆయన ఒక్కడే చేయగల తప్పు. ఖాళీ బెజ్జం కనిపిస్తే నాన్నకు కాలు నిలవదు. హాల్లో ఏ మిషన్‌కూ ఒక స్క్రూ తక్కువుండేది కాదు. ఎక్కడ బోల్టు ఊడినా మీటకు టోపీ పోయినా, జేబులోంచి ఒకటి తీసి బిగించి గానీ ముద్ద ముట్టేవాడు కాదు. అలాంటి మనిషి కళ్ళముందు కావాలని ఖాళీగా ఉంచిన బెజ్జాలు రెండు పెట్టి అక్కాతమ్ముళ్ళు బస్టాండుకి వెళ్ళారు. చెప్పి వెళ్ళాలని ఇద్దరికీ తోచలేదు.

ఆ తరవాత జరిగింది ఆవిడకు చెప్పక్కర్లేదు. కంపెనీవాళ్ళు కూర్చున్నారు. బండి పరిగెత్తింది. రెండు నిమిషాలు బాగానే ఉంది. మూడో నిమిషంలో కార్లన్నీ కలిసికట్టుగా రోడ్డు వదిలి పక్కకు జరగడం మొదలుపెట్టాయి. మెల్లగా కొండలెక్కాయి. కొండలు దాటి ఆకాశంలోకి వెళ్ళాయి. కంపెనీవాళ్ళలో ఒకాయన "ఇవి విమానాలా అమ్మా?" అని అడిగాడు, అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆవిడ చెవుల్లో ఇప్పటికీ ఉంది.

"నేను వాణ్ణి ఆ మాట అన్నప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు" అంది పెద్దమ్మాయి.

"తలుపు పక్కనే ఉన్నాను."

"నేను టార్చి వేసి ఆ డబ్బీ చూపించాను. అది నువ్వు పెట్టిందేనని నీకు అప్పుడే తెలిసింది."

"తెలిసింది."

"నోరు విప్పలేదు."

"పెగల్లేదమ్మా. నువ్వు నిప్పులు కక్కుతున్నావు. వాడు బోర్డుకేసి చూస్తున్నాడు, తన కళ్ళు తనే నమ్మనట్టు చూస్తున్నాడు. నేను ఒక్క మాట అంటే సరిపోయేది. అందామనుకునేలోపు వాడు మెట్లు దిగేశాడు."

"ఆ తరవాత? ఇరవై ఆరేళ్ళున్నాయి నీకు."

"మొదటి ఏడాది రోజూ చెబుదామనుకున్నాను. తరవాత వారానికోసారి అనుకునేవాణ్ణి. ఈమధ్య జ్వరం వచ్చినప్పుడు మాత్రం అనుకుంటున్నాను."

పెద్దమ్మాయి లేచి నిలబడింది. ఆవిడ గొంతు పెరగలేదు, పెరిగితేనే బాగుండేది.

"నా తమ్ముడు నాన్నా. వాడు పుట్టినప్పుడు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నదాన్ని. అమ్మ పోయాక జడలు వేసుకోవడం మానేసి వాడికి క్యారియరు కట్టినదాన్ని. వాడి పెళ్ళికి వెళ్ళలేదు. వాడికి కూతురు పుట్టిందంటే ఎవరి ద్వారానో విని ఊరుకున్నాను. అబద్ధాలకోరు ఇంటికి నేనెందుకు వెళ్తాననుకున్నాను. నువ్వు చూస్తూ కూర్చున్నావు. పొద్దున్నా సాయంత్రం నేను పెట్టిన టీ తాగుతూ చూశావు."

నాన్న తల దించుకునే విన్నాడు. అంతా విన్నాక కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"క్రిస్టల్ పెట్టింది నేను. నోరు మూసుకున్నదీ నేనే. ఆ రెండూ నా తప్పులే, కాదనను. అబద్ధాలకోరు అన్నది మాత్రం నేను కాదమ్మా."

ఆవిడకు కాదనడానికి ఏముంది? తమ్ముడు తీశానన్నాడు. డబ్బీ కనిపించింది. ఈ రెండింటి మధ్య మూడో సంగతి ఏదైనా ఉండొచ్చని ఒక్క క్షణం ఆలోచించలేదు. ప్రోగ్రాంలో తప్పొస్తే వెయ్యి వరసలు మళ్ళీ మళ్ళీ చదివే మనిషి. తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారి చూసి తీర్పు చెప్పేసింది. నాలుగు స్క్రూలు విప్పి బోర్డు తిరగేసి ఉంటే ఆ పూటే తెలిసేది. నాలుగంటే నాలుగు స్క్రూలు.

"వాడికి చెప్పాలి" అంది. "ఇప్పుడే చెప్పాలి. వాడు ఇన్నాళ్ళూ తనే మర్చిపోయాడేమో, తనే తప్పు చేశాడేమో అని అనుకుంటూ ఉంటాడు. పాపం, వాడికి ఇంకా తెలియదు."

నాన్న కిటికీలోంచి బయటికి చూశాడు.

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"వాడికి తెలుసు. ఆ పూటే తెలుసు. వాడి వెనకాలే మెట్లు దిగాను, నువ్వు చూడలేదు. బస్టాండులో పట్టుకున్నాను. ఒరేయ్, అది పెట్టింది నేనురా, రా పోదాం, అక్కకి నేను చెబుతాను అన్నాను. చెయ్యి పట్టుకున్నాను కూడా."

"వాడేమన్నాడు?"

"చెప్పొద్దన్నాడు."

పెద్దమ్మాయి వినపడనట్టు చూసింది.

"ఒట్టు వేయించుకున్నాడు. ఏమన్నాడో ఇప్పటికీ పొల్లుపోకుండా చెప్పగలను. నాన్నా, నా మీద కోపమైతే అక్క హాల్లోనే ఉండి నన్ను తిట్టుకుంటుంది. నీ మీద కోపమైతే హాలు వదిలేసి పోతుంది. నేను ఎక్కడున్నా బతుకుతాను, అక్క పోతే నువ్వు బతకలేవు, అన్నాడు. అని బస్సెక్కాడు."

పెద్దమ్మాయి మళ్ళీ ముక్కాలిపీట మీద కూర్చుండిపోయింది. ఆవిడకు ఒక సంగతి తలుచుకుంటే భయమేసింది. ఐదు నిమిషాల కిందట, నాన్న ఒప్పుకున్న క్షణాన, మనసులో బట్టలు సర్దేసుకుంది. ఏ సంచీ తీసుకోవాలో, ఎవరింటికి వెళ్ళాలో కూడా అనుకుంది. ముసలాయన్ని ఈ ఖాళీ హాల్లో వదిలేసి, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోవాలనుకుంది. ఇరవై రెండేళ్ళ కుర్రాడు బస్టాండులో నిలబడి, అంత అవమానం మింగుతూ, అక్క ఏం చేస్తుందో వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పేశాడు. వాడు తన ముఖం చూడకుండా ఉండగలిగాడు గానీ తనని మర్చిపోలేదు. అది తెలిసేసరికి ఆవిడకు ఏడుపు ఆగలేదు. నాన్న ఏం చెయ్యాలో తెలియక, రేకు తుడుస్తున్న గుడ్డ అందించబోయి, అది మురికిదని గుర్తొచ్చి, తన పైపంచె అందించాడు.

ఏడుపు కాస్త నెమ్మదించాక ఫోను తీసింది. తీశాక గుర్తొచ్చింది, తమ్ముడి నంబరు తన దగ్గర లేదు.

"వాడి నంబరు ఎవరిని అడగాలి?"

నాన్న పది అంకెలూ గడగడా చెప్పేశాడు. సొంత ఇంటి తలుపు నంబరు అడిగితే తడుముకునే మనిషి.

పెద్దమ్మాయి ఫోను దించేసింది. "నీకెలా తెలుసు?"

"తెలియకేం" అన్నాడు నాన్న, గోడకేసి చూస్తూ. "లిఫ్టులు బాగుచేస్తున్నాడు గదా, ఈ వైపు ఆఫీసులన్నీ వాడివే. నువ్వు మంగళవారం మంగళవారం టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠం చెప్పడానికి వెళ్తావు. పదకొండుంబావుకి వాడు వస్తాడు. ఫ్యానుకి నూనె వేస్తాడు. నా గోళ్ళు తీస్తాడు. కాసేపు బండి పక్కన కూర్చుని వెళ్తాడు. నీ మేనకోడలు ఈ ఏడే కాలేజీలో చేరింది, దానికీ నీలాగే ముక్కుమీద కోపం అంటాడు."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఎనిమిదేళ్ళు."

"బండి తలుపు ఒక్కసారైనా తీశాడా?"

"తాళంచెవి నీ దగ్గర ఉంది గదమ్మా. నాకు ఇంకోటి ఉంది, ఇస్తానన్నాను. అక్క వేసిన తాళం అక్కే తియ్యాలన్నాడు."

పెద్దమ్మాయి గోడ గడియారం చూసింది. పదకొండూ పన్నెండు. ఇవాళ మంగళవారం. మ్యూజియం ఆవిడ వస్తుందని పాఠానికి సెలవు చెప్పింది.

"నేను ఇంట్లో ఉన్నానని వాడికి చెప్పలేదా? మర్చిపోయావా?"

"మర్చిపోలేదు" అన్నాడు నాన్న. కళ్ళజోడు తీసుకుని మళ్ళీ నెత్తిమీద పెట్టుకున్నాడు. "నీకు చెప్పనని ఒట్టు వేశాను, చెప్పలేదు. బోర్డు నువ్వే తిరగేశావు, నువ్వే అడిగావు. మ్యూజియం ఆవిడ వేరే రోజు వస్తానంది. మంగళవారమే రమ్మని నేనన్నాను."

కాటికి కాళ్ళు చాచుకున్నవాడని ఆయన్ని చూసి జాలిపడేవాళ్ళు వీధిలో చాలామంది ఉన్నారు. వాళ్ళకేం తెలుసు.

కింద ఇనప మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. నింపాదిగా, ఒక భుజాన బరువున్న మనిషి నడక. పెద్దమ్మాయి చీర కొంగుతో ముఖం తుడుచుకుంది, జుట్టు సర్దుకుంది, సర్దుకున్నందుకు తన మీద తనకే విసుగొచ్చింది. ఏమనాలి? క్షమించరా అంటే చాలా చిన్నదైపోతుంది. అడుగులు పైదాకా వచ్చాయి. గుమ్మం దగ్గరికి ఇంకా మూడు మెట్లుండగా ఆగాయి.

గుమ్మం బయట ఆవిడ చెప్పులున్నాయి. ఎడమదానికి మడమ అరిగి ఉంటుంది, చిన్నప్పటినుంచీ ఆవిడ నడకే అంత. ఆ చెప్పులు ఎవరివో తమ్ముడికి ఒకరు చెప్పాలా.

అడుగులు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి కిందికి.

నాన్న కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు. అప్పటికే పెద్దమ్మాయి బోర్డు పట్టుకుని గుమ్మంలో ఉంది. మోకాలి సంగతి ఆవిడకూ గుర్తులేదు, మోకాలికీ గుర్తులేదు.

"ఒరేయ్ చిన్నోడా."

మెట్ల మలుపు దగ్గర ఒక మనిషి ఆగాడు. వెనకనుంచి చూస్తే జుట్టు పలచబడింది, భుజాన పనిముట్ల సంచీ, చొక్కా వీపున గ్రీజు మరక. ఇటు తిరగలేదు. ఇనప కమ్మీ పట్టుకున్న చెయ్యి మాత్రం బిగుసుకుంది.

"బోర్డు తిరగేశానురా" అంది పెద్దమ్మాయి. "నువ్వు తీశావు. తీశానని చెప్పిందీ నిజమే. నువ్వు అబద్ధం చెప్పలేదురా. అబద్ధాలకోరు అన్న నోరు నాది. నాన్న బస్టాండు సంగతి కూడా చెప్పేశాడు. ఇంక పైకి రా."

కింద వీధిలో వ్యాను ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. తరవాత వాడు మెల్లగా సంచీ భుజం మీదినుంచి దించి మెట్టుమీద పెట్టాడు.

"నీకు అబద్ధం చెప్పలేదక్కా" అన్నాడు, ఇంకా వెనక్కి తిరక్కుండానే. ఆవిడ ఆ పిలుపు విని ఇరవై ఆరేళ్ళయింది. "అబద్ధం నేను చెప్పింది నాన్నకి. బస్టాండులో."

హాల్లో కిటికీ దగ్గర నాన్న చేతిలోంచి ఇత్తడి రేకు జారి కింద పడింది. ఆ అబద్ధమేమిటో వచ్చే వారం.